పెట్టుడు పేర్ల పుస్తకం

నాకు ముక్కుమీద కోపమని మా ఆఫీసులో అందరూ అంటారు. అననీ. మా మావయ్య చేసిన పనికి ముక్కుమీదేం ఖర్మ, అరికాలి నుంచి నడినెత్తి దాకా రావాలి కోపం. ఆ పనేమిటో చెబుతాను, విన్నాక నాదేమైనా తప్పుంటే అప్పుడనండి.

మాది పురపాలక కార్యాలయం. దాని కింది అంతస్తులో రికార్డు గది. ఊళ్లో ఎవరు గది కట్టుకున్నా, గోడ లేపినా, మెట్లు ఇటునుంచి అటు తిప్పుకున్నా, ఆఫీసు ఇచ్చిన అనుమతీ ప్లానూ ఆ గదిలో గుడ్డ మూటల్లో ఉంటాయి. ఎవరి కాగితం ఏ మూటలో ఉందో చెప్పేది ఇండెక్సు పుస్తకం. ఒక్కో వీధికి ఒక్కో పుస్తకం. నన్ను పన్నుల సెక్షను నుంచి ఆ గదికి మార్చి ఎన్నాళ్లో కాలేదు. నాకు ముందు ఆ గదిని ఏళ్ల తరబడి ఏలినవాడు మా మావయ్య, మా అమ్మకు స్వయానా అన్న. పెళ్లి చేసుకోలేదు. రిటైరయ్యాక మా ఇంట్లోనే ఉంటూ, నా వంటకు వంకలు పెట్టడమే ఉద్యోగంగా పెట్టుకున్నాడు.

మార్కెట్ వెనక వీధి అని ఒకటుంది. తాత పేరు మనవడికి, అమ్మమ్మ పేరు మనవరాలికి పెట్టుకుంటూ పోయి, వీధి వీధంతటికీ నాలుగైదు పేర్లే మిగుల్చుకున్న మహానుభావులు ఉండేది అక్కడే. మీరొక పేరు పెట్టి పిలిస్తే పది గుమ్మాల్లోంచి "ఆఁ" అని పలుకుతారు. ఇంటిపేర్లా? అందరూ ఒకరికొకరు చుట్టాలే, అవీ అంతే. ఇక ఇంటి నంబర్లంటారా, సున్నం వేసినప్పుడల్లా ఎవరికి నచ్చిన నంబరు వాళ్లు రాసుకుంటారు. అలాంటి వీధికి ఇండెక్సు రాయమంటే మా మావయ్య ఏం చేశాడనుకున్నారు? అసలు పేర్లు పక్కనపెట్టి, కిటికీ ముందు నిలబడ్డ మనిషిని ఎగాదిగా చూసి, తనకు తోచిన పేరొకటి పెట్టి, దాన్నే పుస్తకంలోకి ఎక్కించాడు. పైగా గుండ్రటి అక్షరాలతో, ఎర్ర సిరాతో గీతలు కొట్టి మరీ!

ఆయన కూర్చున్నన్నాళ్లూ అది భేషుగ్గా నడిచింది. వీధిలో ఎవరొచ్చి ఏమడిగినా చిటికెలో తీసిచ్చేవాడు. ఆయన వెళ్లిపోయాక పుస్తకం బీరువాలో నిద్రపోయింది, ఎవరూ దాని జోలికి పోలేదు.

అప్పుడు దిగాడు కొత్త ఆఫీసరు. చిన్నవాడు, మంచివాడు. పారదర్శకత అన్న మాట పలికేటప్పుడు ఆయన కళ్లు మెరుస్తాయి. వస్తూనే గోడకు నోటీసు అంటించాడు. సోమవారం నుంచి అన్ని వీధుల ఇండెక్సులూ హాల్లో బల్లల మీద పెడతారట, ఎవరైనా వచ్చి తెరిచి చూసుకోవచ్చట. నాకు ప్రాణం లేచొచ్చింది. జనం కాగితాలు జనం చూసుకోవడానికి ఇన్నేళ్లు పట్టిందా అని కూడా అనిపించింది, అది వేరే సంగతి. ఆ ఊపులో ఆయన కిందికొచ్చి, బీరువా తీయించి, మొట్టమొదట మార్కెట్ వెనక వీధి పుస్తకమే అందుకున్నాడు. పాపం, ఆయన తలరాత అలా ఉంది.

"ఇదేంటి మేడం? ఉచిత సలహా... గొడుగు మర్చిపోయేవాడు... అరిచే అత్త, పెద్దది. అరిచే అత్త, చిన్నది... ఎవరు వీళ్లంతా?"

"దరఖాస్తుదారులు సార్."

ఆయన మొహం పాలిపోయింది. రెండో పేజీ తిప్పలేదు. పుస్తకం చంకలో పెట్టుకుని గబగబా పైకెళ్లి తన గదిలో పెట్టి తాళం వేశాడు. నేను వెనకే పరిగెత్తాను.

"ఇది బయటపెడితే మన కిటికీ అద్దాలు మిగలవు మేడం. అసలు పేర్లతో కొత్తది టైపు చేయించండి. ఇది మాత్రం... ఇది గుట్టుగా చింపేద్దాం."

చింపేద్దామా! నా చెవుల్లోంచి పొగలొచ్చాయి.

"సార్, నిన్ననేగా నోటీసు అంటించారు, ఆ జిగురైనా ఆరిందా? అది ప్రభుత్వ రికార్డు. వంకరగా ఉంటే వంకరగానే చూపించాలి. పక్కన కొత్తది పెట్టండి, వద్దన్నానా? పాతదాని మీద చెయ్యేస్తే మాత్రం మీ మీద ఫిర్యాదు నేనే రాస్తాను."

"కొత్తదైనా ఎలా రాస్తారు? ఎవరు ఎవరో మీకు తెలుసా?"

"నాకు తెలీదు. మా మావయ్యకి తెలుసు."

"అయితే ఆయన్నే అడగండి."

అడగాల్సిన అవసరం మర్నాడే పడింది. కుట్టుపని టీచరమ్మ నా కిటికీ దగ్గరికొచ్చి నిలబడింది. ఆవిడది మార్కెట్ వెనక వీధే. ఇంటి ముందు గదిలో కుట్టుమిషన్లు పెట్టి, ఊళ్లో సగం మంది ఆడపిల్లలకు కత్తెర పట్టడం నేర్పింది. ఆ గది సంపాదనతోనే తమ్ముళ్లను చదివించి, వాళ్ల పెళ్లిళ్లు చేసి, తను మాత్రం పెళ్లి మాట ఎత్తకుండా ఉండిపోయింది. జుట్టు తెల్లబడిందే కానీ నోటి పదును తగ్గలేదు. అలాంటి మనిషి ఆ రోజు కిటికీ చువ్వ పట్టుకుని బతిమాలింది.

"అమ్మాయ్, రోడ్డు వెడల్పు చేస్తున్నారు. నా ముందు గదికి అనుమతే లేదంటున్నాడు ఆ ఇంజనీరు. సోమవారం సాయంత్రంలోగా ప్లాను చూపించకపోతే గది పడగొట్టేస్తాట్ట. నా దగ్గరున్న కాపీ చెదలు తినేసింది. ఆఫీసు కాపీ మీ దగ్గరుంటుందిగా. మీ మావయ్యే తీసుకున్నారు నా చేతిలోంచి."

"ఏ పేరుతో రాశాడో తెలుసా అండీ?"

"నా పేరుతోనే రాసుంటారు. ఇంకే పేరుతో రాస్తారు?"

ఏం చెప్పను? అరిచే అత్తల్లో మీరు పెద్దవారా చిన్నవారా అని అడగనా? మూటలన్నీ విప్పి వెతుకుదామంటే నెల పడుతుంది. ఆవిడకున్నది రెండు రోజులు. ఆ గది పోతే ఆవిడ మిషన్లు ఎక్కడ పెట్టుకుంటుంది, ఎలా బతుకుతుంది? సాయంత్రం ఇంటికెళ్లగానే చెప్పులైనా విడవకుండా మావయ్య ముందు నిలబడ్డాను.

"మావయ్యా, కుట్టుపని టీచరమ్మకి నువ్వు పెట్టిన పేరేంటి?"

ఆయన చేతిలో పేపరు జారింది. "ఎవరూ?" అన్నాడు. చెప్పాను. "ఏమోనే, జ్ఞాపకం లేదు" అన్నాడు.

జ్ఞాపకం లేదా! గొడుగు మర్చిపోయేవాడి గొడుగు రంగు జ్ఞాపకముంది ఈయనకి! అరిచే అత్తల్లో చిన్నావిడ ఏ రోజున ఎందుకు అరిచిందో వేషం కట్టి మరీ చూపిస్తాడు! ఒక్క టీచరమ్మ దగ్గరికొచ్చేసరికి నీళ్లు నములుతాడా? కేకలేశాను, బతిమాలాను, చివరికి టీ ఇవ్వనని బెదిరించాను. పెద్దాయనకు దగ్గొచ్చింది, ఆ తర్వాత మోకాలి నొప్పొచ్చింది, ఆ తర్వాత నిద్రొచ్చింది. తెల్లారాక మళ్లీ అడిగితే మళ్లీ దగ్గొచ్చింది.

సరే, దీనికి మందు నా దగ్గరుంది అనుకుని ఆఫీసరు ఇంటికే వెళ్లాను.

"సార్, ఎవరు ఎవరో ఆఫీసుకు తెలీదు, వీధికి తెలుసు. సోమవారం వీధి మొత్తాన్నీ హాలుకి పిలుద్దాం. నేను పుస్తకం పైకి చదువుతాను. ఎవరి పేరు వాళ్లు చెప్పుకుంటారు. అలా చెప్పుకోగా మిగిలినవాటిలో టీచరమ్మది ఉంటుంది. ఆ నాలుగు మూటలూ విప్పితే చాలు."

"చదువుతారా? వాళ్ల మొహం మీదే? అరిచే అత్త అని?"

"ఇద్దరుంటారు సార్."

ఆయన కాసేపు కళ్లు మూసుకున్నాడు. తర్వాత లేచి తాళంచెవి నా చేతిలో పెట్టాడు. మంచివాడని ముందే చెప్పానుగా.

సోమవారం హాలు కిటకిటలాడింది. మార్కెట్ వెనక వీధంటే పిల్లా పెద్దా అంతా వచ్చేశారు, ఎందుకు పిలిచారో ఎవరికీ తెలీదు. టీచరమ్మ ముందు వరసలో సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మావయ్యను నేను రెక్క పట్టుకుని తీసుకొచ్చి, ఎవరికేం సందేహమొచ్చినా తీర్చాలని నా బల్ల పక్కనే కుర్చీ వేసి కూలేశాను. ఆయన పైకప్పు కేసి చూస్తూ కూర్చున్నాడు. ఆఫీసరు లేచి, ఇది ఆఫీసు చేసిన పని, దాచడం ఇష్టం లేక చూపిస్తున్నాం, తప్పుంటే మన్నించండి అని రెండు ముక్కలు చెప్పి, తలుపుకు దగ్గరగా జరిగి నిలబడ్డాడు. పారిపోవడానికే, నాకు తెలుసు.

నేను గొంతు సవరించుకున్నాను. "ఉచిత సలహా."

అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆ తర్వాత మెల్లగా, ఒక్కొక్కరుగా, హాలంతా మంగలాయన వైపు తిరిగింది.

"నేనా?" అన్నాడాయన. "నేనెప్పుడిచ్చాను సలహాలు? అసలా కిటికీ అంత ఎత్తున పెట్టకూడదు, మనిషి మెడ నొప్పెడుతుంది, అలా చెప్పడం కూడా..."

ఇంక చూడండి, ఒకడు కిసుక్కుమన్నాడు, ఇంకొకడు ఆపుకోలేకపోయాడు, హాలు హాలంతా విరగబడి నవ్వింది. మంగలాయన కాసేపు గుడ్లురిమి, తనూ నవ్వేసి, "రాసుకో తల్లీ, నేనే" అన్నాడు. నేను అసలు పేరు కొత్త కాగితం మీద రాసుకున్నాను. గొడుగు మర్చిపోయేవాడు లేచి తనే ఒప్పుకున్నాడు, ఆ గొడుగు ఇంకా మీ దగ్గరుందా అని కూడా అడిగాడు. అరిచే అత్తలిద్దరూ ఒకేసారి లేచారు. పెద్దదాన్ని నేనంటే నేనని అరుచుకున్నారు. హాలు చప్పట్లు కొట్టింది. "మీ ఇద్దర్లో వయసులో కాదమ్మా, గొంతులో పెద్ద" అని మావయ్య గొణిగేసరికి ఇద్దరూ కలిసి ఆయన మీద అరిచారు.

అక్కణ్ణించి పేర్లకోసం ఎగబడ్డారు జనం. ప్రతిదానికీ ఎందుకనేవాడు లేచి, "నన్నెందుకలా రాశారు?" అన్నాడు. నేను ఊపిరి తిప్పుకోలేక బల్ల పట్టుకున్నాను. తన అసలు పేరే పుస్తకంలో ఉన్న ఇనప సామాన్ల కొట్టాయన మాత్రం అలిగాడు.

"మా బావకుంది, మా తమ్ముడికుంది, మా ఇంట్లో పిల్లికి కూడా ఒకటుంది. నేనేం పాపం చేశాను? అంత చప్పగా ఉన్నానా నేను?"

"నువ్వొచ్చింది ఒక్కసారి. మాట్లాడింది ఒక్క ముక్క. ఏమని పెట్టను?" అన్నాడు మావయ్య.

"ఇప్పుడు పెట్టండి!"

"ఇప్పుడు కుదరదు" అన్నాను నేను. "రికార్డులో వెనక తేదీతో చేర్పులుండవు." ఆయన చేతులు కట్టుకుని, నా మీద ఫిర్యాదు చేస్తానన్నాడు. చేసుకో, దానికీ ఇండెక్సు ఉంది అన్నాను.

"పాడుతూ నిలబడేవాడు" అని చదివినప్పుడు ఎవరూ లేవలేదు. రెండోసారి చదివాను. మావయ్య గొంతు తగ్గించి, "మిఠాయి కొట్టు పక్కనుండేవాడు. చిన్నవయసులోనే పోయాడు పాపం. వరసలో నిలబడితే చాలు, కూనిరాగం తీసేవాడు" అన్నాడు. వెనక నుంచి ఒకమ్మాయి లేచింది, చంకలో బిడ్డతో. "మా నాన్న పాడేవాడా?" అంది. "ఎవరూ చెప్పలేదు నాకు. మా నాన్న పాడేవాడా?" నవ్వుతూనే ఏడ్చేసింది. ఆ పేరు పక్కన ఆ అమ్మాయి పేరు రాయడానికి నాకు కాస్త టైము పట్టింది.

ఇంతలో ఇంజనీరు వచ్చాడు, టేపు జేబులో వేసుకుని. "ప్లాను దొరికిందా? మా కుర్రాళ్లు వీధి చివర ఉన్నారు. సాయంత్రం దాకే నేను ఆగేది" అన్నాడు. నవ్వులన్నీ ఠక్కున ఆగిపోయాయి. పొద్దు వాలుతోంది, ఇంకా ఆఖరి పేజీ మిగిలుంది. టీచరమ్మ సంచి పట్టుకున్న వేళ్లు బిగించింది. ప్రతి పేరుకీ ఆవిడ తలెత్తేది, అది ఇంకెవరిదో అయ్యేది. ఆవిణ్ణి అలా చూస్తుంటే నాకు మావయ్య పీక నులమాలనిపించింది.

ఆఖరి పేజీ తిప్పాను. రేపొస్తానన్నాయన, రాలేదు: దొరికాడు. చిల్లర లేనివాడు: దొరికాడు. ఇక కిందికి ఒక్కటే. చదవబోతుంటే మావయ్య చెయ్యి వచ్చి పేజీ మీద పడింది.

"అది వద్దే" అన్నాడు.

"చెయ్యి తీయి మావయ్యా."

"నా మాట విను."

"రెండు రోజుల నుంచీ వింటూనే ఉన్నాను నీ దగ్గు!" అని చెయ్యి తోసేసి, హాలంతా వినబడేలా చదివేశాను. "మా ఆవిడ."

ఒక్క క్షణం నాకే అర్థం కాలేదు. వెనకెవరో, "ఎవరావిడ?" అన్నారు. ఇంకెవరో, "రాసిందెవరూ?" అన్నారు. రాసినాయన బ్రహ్మచారి. ఆ సంగతి ఊరంతటికీ తెలుసు. అన్ని తలలూ మావయ్య వైపు తిరిగాయి. నా తల కూడా తిరిగింది, రెండు రకాలుగానూ.

మావయ్య లేచి నిలబడ్డాడు. కుర్చీ వీపు పట్టుకున్నాడు. "ఆ మూట కిటికీ వైపు, పై అరలో, ఎడమ చివర ఉంటుంది" అన్నాడు నాతో. తర్వాత ముందు వరస కేసి చూశాడు. "టీచరుగారిది. ఆవిడ గది ప్లానే. రాయకూడదు, రాశాను. ఎవరూ చదవరనుకున్నాను."

నేను పరిగెత్తాను. నిచ్చెనెక్కింది జ్ఞాపకం లేదు, దిగింది జ్ఞాపకం లేదు. మూట సరిగ్గా ఆయన చెప్పిన చోటే ఉంది. మిగతావాటి మీద జానెడు దుమ్ము, దీని మీద అంత లేదు. మూట విప్పితే ప్లాను నలగని చొక్కాలా ఉంది, ముద్ర, సంతకం, కొలతలు అన్నీ. తెచ్చి ఇంజనీరు చేతిలో పెట్టాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చూసి, తిప్పి చూసి, "అనుమతి ఉంది. గది జోలికి రాం" అన్నాడు. వీధి వీధంతా ఈలలేసింది.

టీచరమ్మ మాత్రం నవ్వలేదు. లేచి మావయ్య ముందుకొచ్చి నిలబడింది. ఆవిడ కళ్లు నిప్పుల్లా ఉన్నాయి.

"నా గురించి రాసుకున్న ముక్క, నాకే చూపించకుండా బీరువాలో పెట్టుకుంటావా? ఎవర్నడిగి రాశావు?" ఎప్పుడూ మీరనే మనిషి, నువ్వులోకి దిగిపోయింది. "ఈ ప్లాను అందినట్టు ఒక్క సంతకం కోసం ఎన్నిసార్లు తిప్పావు నన్ను! రేపు రండి, ఎల్లుండి రండి, సారు లేరు, సిరా అయిపోయింది! ఎందుకు తిప్పావు?"

మావయ్య తల వంచుకున్నాడు. "సంతకం పెట్టేస్తే మళ్లీ రారు కదా అని."

హాలు గొల్లుమంది. ఆఫీసరు తలుపు దగ్గర్నుంచి, "ఇది అధికార దుర్వినియోగం!" అన్నాడు. పాపం ఆయన కూడా నవ్వుతూనే అన్నాడు. టీచరమ్మ ఆయన వైపైనా చూడలేదు.

"పక్క కిటికీలో అదే సంతకం అప్పటికప్పుడు పెట్టి పంపేవాళ్లు. ఆ సంగతి మా వీధిలో చంటిపిల్లలకు కూడా తెలుసు. నాకు తెలీదనుకున్నావా?"

మావయ్య తలెత్తాడు.

"తెలిసీ... నా కిటికీకే వచ్చారా?"

"మరి? నీ చేతిరాత చూడ్డానికా వచ్చింది?"

నాకు ఒళ్లు మండిపోయింది. ఒకే ఊళ్లో, రెండు వీధుల దూరంలో, ఇంతకాలం! ఒకరు బీరువాలో దాచుకుని, ఒకరు మనసులో దాచుకుని! ఇద్దర్నీ కలిపి తిట్టాలని నోరు తెరిచాను. ఏడుపొచ్చింది. అంతలోనే నవ్వొచ్చింది. మంగలాయన అప్పటికే ముహూర్తం ఎలా పెట్టుకోవాలో సలహా చెబుతున్నాడు.

టీచరమ్మ ప్లాను మడిచి సంచిలో పెట్టుకోబోతే, అది ఆఫీసు కాపీ అండీ, మీకు నకలు ఇస్తాను అని లాక్కున్నాను. ఆవిడ చివరికి నవ్వింది. "ఏమయ్యా, గది నిలబడింది. అన్నేళ్లు దాని కాగితం కాపలా కాశావు. గదినెప్పుడైనా చూశావా?" అని గుమ్మం వైపు నడిచింది. మావయ్య తడబడుతూ ఆవిడ వెనకే బయల్దేరాడు. మోకాలి నొప్పి ఏమైందో మరి. మెట్ల దగ్గర ఆవిడ ఆగి, పక్కకు జరిగి, ఆయనకు చోటిచ్చింది.

నేను కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను. ఆఫీసరు పక్కకొచ్చి, కొత్త ఇండెక్సు కాగితం నా ముందు పెట్టాడు. ఒక్క గడి మిగిలింది.

"మేడం, టీచరుగారి అసలు పేరు చెప్పండి, రాసేస్తాను. ఇంటిపేరుతో సహా."

"పేరు రాయండి సార్" అన్నాను. "ఇంటిపేరు దగ్గర మాత్రం కాస్త ఖాళీ వదలండి."